అయిదో మాట

మా ఊళ్ళో మరపు అంటే ఏమిటో ఎరగని మనిషి ఒక్కడే ఉండేవాడు, తలారి మొగులప్ప. మరపు వల్ల పని పోగొట్టుకున్నట్టు సర్కారు రికార్డుకెక్కిన మనిషి కూడా మా ఊళ్ళో అతనొక్కడే. ఆ ముక్క రాసిన చెయ్యి నాది.

అది అరవైఆరో సంవత్సరం. మాది ఇంకా మైసూరు రాష్ట్రమే. బీదరు తాలూకాలో మన్నళ్ళి దాటాక వచ్చే మా ఊరి పంచాయతీకి నేను సెక్రెటరీని. పేరు అంబాదాస్. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది కన్నడం. ఆ రెండూ వచ్చినందుకే నాకు ఆ ఉద్యోగం ఇచ్చారు. ఆ రెండూ వచ్చినందుకే ఆ పాపం కూడా నా చేతుల మీదుగా జరిగింది.

ఆ రోజుల్లో సర్కారు ఏం తలపెట్టినా మా జనానికి తెలిసేది మొగులప్ప గొంతులోంచే. పై నుంచి కాగితం కన్నడంలో వచ్చేది. చావడి అరుగు మీద కూర్చుని నేను దాన్ని తెలుగులో చెప్పేవాణ్ణి. మొగులప్ప ఎదురుగా గొంతుక్కూర్చుని, డప్పు పక్కన పెట్టుకుని, ముందు ఒకటే అడిగేవాడు.

"ఎన్ని మాటలు సారూ?"

అతని లెక్కలో మాట అంటే ఒక సంగతి. పశువులకు టీకా వేస్తారన్నది ఒక మాట, ఫలానా రోజు అన్నది ఒక మాట, పశువులను బడి ముందుకు తోలుకురావాలన్నది ఇంకో మాట. ఒక్కో మాటకు ఒక్కో వేలు మూసేవాడు. చిటికెన వేలితో మొదలుపెడితే అయిదో మాటకు బొటనవేలు మూతపడేది. అన్నీ అయ్యాక పిడికిలి విప్పి ఒకసారి తిరిగి అప్పజెప్పేవాడు. అంతే, ఇక ఆ కాగితంతో పని లేదు. మూడు బజార్లూ, వాగు అవతలి వాడా తిరిగి చాటేవాడు. చాటింపు అయ్యాక మరిచిపోయేవాడా అంటే అదీ లేదు. రజాకార్ల కాలం కంటే ముందు వేసిన చాటింపులు కూడా అడిగితే గడగడా చెప్పేవాడు. అక్షరం ముక్క రాదు గానీ ఊరి దఫ్తరమంతా ఆ తలకాయలోనే ఉండేది. నిజం చెప్పాలంటే నా బీరువాలో కాగితాలకంటే చెదలే ఎక్కువ ఉండేవి.

ఒక చెడ్డ అలవాటు మాత్రం మా ఇద్దరికీ కలిపి ఉండేది. చాటింపు వేసినట్టు పంచనామా రాసి, దాని మీద మొగులప్ప వేలిముద్ర తీసుకోవాలి. న్యాయంగా ముందు చాటింపు, తర్వాత ముద్ర. కానీ సిరా దిండు నా పెట్టెలో ఉండేది, నేను బీదరు బస్సు పట్టుకోవాల్సి ఉండేది. అందుకని ముద్ర ముందే వేయించుకుని పెట్టెకు తాళం పెట్టేసేవాణ్ణి. నల్లబడ్డ బొటనవేలితోనే అతను డప్పు ఎత్తుకునేవాడు. ఏళ్ళ తరబడి ఇలాగే నడిచింది. అతను ఎగ్గొట్టే మనిషి కాదని నాకు తెలుసు, నేను మోసం చేసే మనిషిని కాదని అతనికి తెలుసు.

ఆ చలికాలంలో చెరువు కాగితం వచ్చింది. మా వాగుకు అడ్డంగా కట్ట వేసి చెరువు కడతారట. ఊరికి మంచిదే. కానీ కట్ట గీసిన చోట పడితే వాగు అవతలి వాడ, పదిహేడు ఇళ్ళు, నీళ్ళ కిందికి పోతాయి. ఆ సంగతి కాగితంలో అలా లేదు. సర్వే నంబరు నలభై ఒకటి నుంచి యాభై ఆరు దాకా అని ఉంది. మావాళ్ళకు పొలాల పేర్లు తెలుసు, తుమ్మచెలక, రాళ్ళమడి, పెద్ద రేగడి అని. నంబర్లు ఎవడికి తెలుసు? నా పొలం నంబరు నాకే తెలియదు.

కాగితంలో సంగతులు అయిదు. నాలుగోది, చెరువు నక్ష, అంటే పటం, చావడిలో ఉందని. అయిదోది, ఎవరికైనా తకరారు, అంటే అభ్యంతరం, ఉంటే పదిహేను రోజుల్లో చావడికి వచ్చి రాయించాలి, గడువు దాటితే వినేది లేదు.

నేను దాన్ని చదువుతుంటే పంచాయతీ చైర్మన్ ఖండప్ప నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కట్ట కింద ముందు నీళ్ళు పారేది ఆయన పొలానికే. చెడ్డవాడని చెప్పను. నాకు ఉద్యోగం ఇప్పించింది ఆయనే, మా అమ్మకు జబ్బు చేస్తే బండి కట్టించింది ఆయనే.

"ఆ ఆఖరి మాట ఎందుకురా అంబాదాసూ?" అన్నాడు. "ఒకడు తకరారు రాస్తే ఇంకొకడు రాస్తడు. ఊకె పంచాయితీ అయితది. మార్చి దాటిందంటే చెరువు వేరే ఊరికి పోతది. ఊరికి మంచి చేసెటప్పుడు అందరినీ అడుక్కుంట కూసుంటమా?"

"కాగితంలో ఉంది కదా పటేలా" అన్నాను.

"కాయితం గోడకు అతికియ్యి. ఎవడు వద్దన్నడు? సదువుకునెటోళ్ళు సదువుకుంటరు."

గోడకు అతికించే కాగితం కన్నడంలో ఉంది. మా ఊళ్ళో దాన్ని చదవగలిగినవాళ్ళు ముగ్గురు. అందులో ఇద్దరం ఆ అరుగు మీదే కూర్చున్నాం.

అప్పుడే మొగులప్ప వచ్చాడు. పిడికిలి తెరిచి కూర్చుని, "ఎన్ని మాటలు సారూ?" అన్నాడు.

"నాలుగు" అన్నాను.

అతను కాగితం వైపు చూశాడు. "కాయితం నిండుగుంది. మాటలు నాలుగేనా?"

"నాలుగే."

నాలుగు వేళ్ళు మూశాడు. బొటనవేలు మిగిలిపోయింది. దాని మీదే సిరా పూసి, అయిదు సంగతులూ చాటినట్టు నేను రాసిన పంచనామా మీద ముద్ర వేయించుకున్నాను. బస్సు టైమవుతోందని లేచాను గానీ ఆ రోజు నాకు బీదరులో పనేమీ లేదు.

మొగులప్ప ఊరంతా తిరిగి నాలుగు మాటలు చాటాడు. నంబర్లు చాటితే ఎవరికీ ఏమీ పట్టలేదు. చెరువు ఎక్కడో పైన అడవి దిక్కు పడుతుందనుకున్నారు. వాగు అవతలి వాడలో హన్మమ్మ అని మొగుడు పోయిన మనిషి ఉండేది. రెండెకరాల తుమ్మచెలక, దాని ఒడ్డునే ఇల్లు. చాటింపు విని అందరికంటే ముందు సంబరపడింది ఆమే. ఆ వారమే ఇంటి వెనక కొత్త గోడ మొదలుపెట్టింది.

పదిహేను రోజులు నేను నిద్రపోలేదంటే అబద్ధం. నిద్రపోయాను, తిన్నాను, పన్ను రసీదులు రాశాను. కానీ వాగు దిక్కు వెళ్ళలేదు. వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళాను. పన్నెండో రోజున హన్మమ్మే చావడి ముందు ఎదురుపడింది. చేతులకు మట్టి ఉంది.

"సారూ, చెరువు నీళ్ళు యాడిదాక వస్తయి? నా చెలకకు పారుతయా?"

"నక్ష లోపల ఉంది, చూసుకో" అన్నాను.

"నక్ష సూస్తె నాకేం ఎరుకైతది? నువ్వు సదివినోడివి, నువ్వు చెప్పు."

"ఇంకా ఏమీ తేలలేదు హన్మమ్మా" అని లోపలికి పోయాను. అప్పటికి మూడు రోజుల గడువు ఉంది. నోరు తెరిస్తే ఆమె తకరారు రాయించుకునేది. నేను తెరవలేదు, పిరికితనం. దానికి ఇంకో పేరు వెతకను.

పదహారో రోజు పొద్దున తహసీల్దారు జీపులో వచ్చాడు, వెంట కొలతలవాళ్ళు. వాళ్ళు కొయ్యలు పట్టుకుని వాగు వైపు వెళ్ళారు. ఆయన మైసూరు దిక్కు మనిషి, కన్నడం తప్ప రాదు. మా మాట ఆయనకూ, ఆయన మాట మా వాళ్ళకూ దాటించాల్సినవాణ్ణి నేను. ఆయన చావడిలో కూర్చుని, "తకరార్లు వచ్చాయా?" అని అడిగాడు. రాలేదన్నాను. "అయితే లేవని రాసి తీసుకురా, సంతకం పెట్టి వెళ్ళిపోతాను" అన్నాడు. ఖండప్ప టీ తెప్పించాడు. నేను కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను.

సగం రాశానో లేదో బయట గోల వినిపించింది. వాగు అవతలి వాడ మొత్తం కదిలి వచ్చింది. ముందు హన్మమ్మ. ఆమె చేతిలో కొలతలవాళ్ళు పాతిన కొయ్య ఉంది, దానికి ఎర్ర గుడ్డ కట్టి ఉంది, కింద మట్టి రాలుతోంది. నేరుగా లోపలికొచ్చి తహసీల్దారు బల్ల మీద టీ గ్లాసు పక్కన ఆ కొయ్య పెట్టింది.

"ఇది నా పొయ్యి పక్కన పాతిండ్రు" అంది. "ఎందుకని అడిగితే నీ ఇల్లు చెరువుల పోతదన్నరు. ఎవలనడిగి పోతది?"

నేను కన్నడంలో చెప్పాను. తహసీల్దారుకు కోపం వచ్చింది. సర్కారు కొయ్య పీకడం నేరమన్నాడు. పదిహేను రోజులు ఊరుకుని ఇప్పుడొస్తే ఎలా, నిన్నటితో గడువు అయిపోయింది అన్నాడు. నేను అదీ తెలుగులో చెప్పాను.

"ఏం గడువు?" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

"చాటింపు వేశారు కదా! ఇదిగో పంచనామా, ఇదిగో వేలిముద్ర." తహసీల్దారు కాగితం పైకెత్తి చూపించాడు. "ఆ తలారిని పిలవండి. అందరి ముందూ తేలుస్తాను."

మొగులప్ప గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఛాతీ మీద ఇత్తడి బిల్ల, చేతిలో డప్పు. లోపలికి వచ్చి నిలబడ్డాడు. తహసీల్దారు నోటీసు తీసి ఒక్కో సంగతీ చదివి ఆగాడు, నేను తెలుగులో చెప్పడానికి.

మొదటిది చెప్పాను. మొగులప్ప చిటికెన వేలు మూశాడు. జనం తలలూపారు, ఇది విన్నదే. రెండోది చెప్పాను, నంబర్లు. మూడోది చెప్పాను, కొలతలకు వచ్చేవాళ్ళకు ఎవరూ అడ్డం రావద్దని. నాలుగోది, నక్ష చావడిలో ఉందని. నాలుగు వేళ్ళూ మూతపడ్డాయి. అతను చేయి దించబోయాడు.

తహసీల్దారు అయిదోది చదివాడు. నేను ఖండప్ప వైపు చూశాను.

"చెప్పవయ్యా" అన్నాడు ఆయన.

చెప్పాను. ఎవరికైనా తకరారు ఉంటే పదిహేను రోజుల్లో చావడికి వచ్చి రాయించాలి, గడువు దాటితే వినేది లేదు. పదహారు రోజులు ఆలస్యంగా ఆ ముక్క నా నోట్లోంచి బయటపడింది.

మొగులప్ప తన చేతి వైపు చూసుకున్నాడు. నాలుగు వేళ్ళు మూసి ఉన్నాయి, బొటనవేలు నిలబడి ఉంది. తర్వాత నా వైపు చూశాడు. అంత సూటిగా నన్ను ఇంతవరకు ఎవరూ చూడలేదు, చూడకూడదని కూడా కోరుకుంటాను.

"ఈ మాట నువ్వు చెప్పలె మొగులన్నా" అంది హన్మమ్మ. "మా వాడల నువ్వు నిలవడి చెప్పినవి నాలుగే."

ఆమె అన్నది నేను కన్నడంలో చెప్పాను. తహసీల్దారు కుర్చీలో నా వైపు తిరిగాడు. "నువ్వు ఇతనికి అయిదూ చదివి చెప్పావా?"

ఖండప్ప టీ గ్లాసు వైపు చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను. ఏం చెప్పేవాణ్ణో నాకు ఈనాటికీ తెలియదు. చెప్పేవాణ్ణని నమ్మాలని ఉంటుంది, అంతే.

ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మొగులప్పకు కన్నడం కొంత అర్థమయ్యేది. నాకంటే ముందు అతనే అన్నాడు.

"సెక్రెటరీ సారు అన్ని చెప్పిండు సాబ్. అయిదు మాటలు చెప్పిండు." అని బొటనవేలు కూడా మెల్లగా మూశాడు. "అయిదోది నేనే మర్చిపోయిన."

చావడిలో నవ్వారు కొందరు, అది కోపంలో వచ్చిన నవ్వు. "మొగులప్ప మర్చిపోవుడా?" అన్నాడు వెనక నుంచి ఎవరో. హన్మమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది. "ఏందన్నా ఇది? నా పెండ్లినాడు బజార్ల నువ్వేం చాటినవో నిన్నగాక మొన్న చెప్పినవ్. పదిహేను దినాల కిందటిది మర్చిపోయినవా?"

"ముసలోణ్ణయిన చెల్లె. మర్చిపోయిన" అన్నాడు మొగులప్ప. ఆమె కళ్ళలోకి చూడలేదు.

తహసీల్దారు నన్ను చూసి, "ఏమంటున్నాడు?" అన్నాడు.

నేను కన్నడంలో చెప్పాను. "మరిచిపోయానంటున్నాడు."

ఆయన ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. తలారి అన్నాక మరిచిపోతాడు, అక్షరం రానివాడు ఇంకేం చేస్తాడు అన్నట్టు తలూపాడు. మొగులప్పను నానా మాటలూ అన్నాడు. అవన్నీ నేను తెలుగులోకి మార్చలేదు, మార్చకుండానే అతనికి అర్థమయ్యాయి. తర్వాత నేను సగం రాసిన కాగితం పక్కన పెట్టించి ఇంకో కాగితం రాయమన్నాడు. చాటింపు సంపూర్ణంగా జరగలేదు గనుక గడువు చెల్లదు. మళ్ళీ చాటింపు వేయాలి, మళ్ళీ పదిహేను రోజులు ఇవ్వాలి, కొయ్యలు అప్పటిదాకా పీకేయాలి. తలారిని ఆ పని నుంచి తీసేయాలి.

ఆయన చెబుతుంటే నేను రాశాను. తలారి మొగులప్ప మరిచిపోయినందువల్ల అని రాశాను. ఒకచోట సిరా ఒలికింది. ఆ మరక ఇప్పటికీ ఉంటుంది.

మొగులప్ప బిల్ల విప్పి బల్ల మీద హన్మమ్మ కొయ్య పక్కన పెట్టాడు. డప్పు తనదే గనుక భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

జీపు వెళ్ళాక నేను అతని వెనక పరుగెత్తాను. వాగు దారిలో కలుసుకున్నాను. "ఎందుకట్లా అన్నావు మొగులప్పా? నా పేరు చెప్పాల్సింది" అన్నాను.

"చెప్తె ఏమైతుండె సారూ? సెక్రెటరీ మీద విచారణ. కాయితాలు బీదర్ పోతయి. బీదర్ నుంచి గుల్బర్గ పోతయి. నీ దిక్కు ఖండప్ప వకీలును పెడతడు. ఏండ్లు పడ్తది. ఆలోపు హన్మమ్మ ఇల్లు మునుగుతది." అతను వాగు వైపు చూశాడు. "సదివినోడు తప్పు చేసిండంటె వాళ్ళు నమ్మరు. తలారిగాడు మర్చిపోయిండంటె ఎంబడే నమ్ముతరు. ఇయ్యాల్నే తేలిపోయింది సూడు."

నేను క్షమించమని అడిగాను. ఏడ్చాను కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఏడ్చాను.

"ముప్పై ఏండ్లల్ల ఒక్క మాట కింద పడెయ్యలె" అన్నాడు అతను. ఇప్పుడు కోపం వచ్చింది అతనికి. "ఇయ్యాల ఊరందరి ముంగట పడేసిన అని చెప్పిన. నా గొంతుల ఇరుక్కుంది సారూ అది. నువ్వు ఏడిస్తె పోదు."

కొత్త తలారిగా దేవప్పను పెట్టారు. మళ్ళీ చాటింపు వేసిన రోజున నేను సిరా దిండు పెట్టెలోనే ఉంచి, కాగితం చేత పట్టుకుని అతని వెంట నడిచాను. వాగు అవతలి వాడలో మొగులప్ప జనంలో నిలబడి ఉన్నాడు, జీవితంలో మొదటిసారి చాటింపు వినేవాడిగా. దేవప్ప అయిదూ చాటాడు. మొగులప్ప వేళ్ళు మూసుకుంటూ విన్నాడు. అయ్యాక నా వైపు తిరిగి అందరికీ వినబడేలా అడిగాడు.

"కాయితంల ఇంతేనా సారూ? ఇంకేం లేదు గద?"

"ఇంతే" అన్నాను.

"సదువు మల్ల. నంబర్లు గాదు, పొలాల పేర్లతోని సదువు."

చదివాను. తుమ్మచెలక అనగానే హన్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు గానీ దేవప్ప చేత ముద్ర వేయించలేదు. నేను రిటైరయ్యేదాకా ఆ పద్ధతి మార్చలేదు, ఎన్ని బస్సులు తప్పినా సరే.

పదిహేడు ఇళ్ళవాళ్ళూ తకరారు రాయించారు. నేనే రాశాను, ఒక్కొక్కరిదీ విడివిడిగా. తహసీల్దారు మళ్ళీ వచ్చి, చెట్టు కింద కూర్చుని, ఈసారి నక్షను నేల మీద పరిచి అందరినీ అడిగాడు. కట్ట వాడకు ఎగువకు జరిగింది. తుమ్మచెలకలో సగం పోయింది గానీ ఇల్లు నిలిచింది. ఖండప్ప పొలానికి నీళ్ళు కొంచెం తగ్గాయి. ఆయన నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు. పెద్ద శిక్షేం కాదు.

మొగులప్పకు తలారి పనికి ఏటా కొలిచే జొన్నలు ఆగిపోయాయి. హుమ్నాబాదు వెళ్ళి లారీలకు బస్తాలు మోశాడు. ప్రతి సుగ్గికీ, కోతలయ్యాక, వాగు అవతలి వాడవాళ్ళు కళ్ళంలో అతని వాటా కొలిచి పక్కన పెట్టేవాళ్ళు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. హన్మమ్మకు నిజం ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. ఎప్పుడు వెళ్ళినా నాకు ఇచ్చే మజ్జిగ మాత్రం ఒక రోజు నుంచి ఇవ్వడం మానేసింది.

రాష్ట్రం పేరు కర్ణాటక అయిన మరుసటి ఏడు మొగులప్ప మంచాన పడ్డాడు. చూడడానికి వెళ్ళాను. మనిషి ఎండిపోయాడు గానీ కళ్ళు అలాగే ఉన్నాయి. కూర్చోమని కూడా అనకుండా అడిగాడు.

"ఆనాడు నా గురించి ఏం రాసినవ్ సారూ? ఎన్నడు సదివి చెప్పలె."

నాకు ఆ కాగితం అవసరం లేదు. కంఠతా వచ్చు. కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. తలారి మొగులప్ప ముసలితనం వల్ల మతి తప్పి, చాటింపులో ఆఖరి మాట మరిచిపోయినందువల్ల, పనికి తగడని తేలినందువల్ల, అతణ్ణి ఈ రోజు నుంచి తీసేయడమైనది.

మొగులప్ప కళ్ళు మూసుకుని విన్నాడు. దుప్పటి మీద వేళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. తర్వాత పిడికిలి విప్పి, చావడి ముందు కూర్చుని చెప్పినట్టే, సన్నటి గొంతుతో అప్పజెప్పాడు. తలారి మొగులప్ప ముసలితనం వల్ల మతి తప్పి, చాటింపులో ఆఖరి మాట మరిచిపోయినందువల్ల, పనికి తగడని తేలినందువల్ల, అతణ్ణి ఈ రోజు నుంచి తీసేయడమైనది.

కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"ఒక్క మాటన్న పోయిందా సారూ?"

"పోలేదు" అన్నాను.